పాత ప్రెస్సు - కొత్త తూటా

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవంతో ముడిపడిన చరిత్ర ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగారు. కలెక్టరాఫీసు మెజిస్టీరియల్ సెక్షనులో కొన్నేళ్ళపాటు తుపాకీ లైసెన్సుల ఫైళ్ళు చూసినవాణ్ణి గనుక ఆ వరసలోనే ఒక సంగతి మనవి చేస్తాను.

మన లైసెన్సు పుస్తకంలో తుపాకీ నంబరుతో పాటు తూటాల లెక్క కూడా ఉంటుంది. ఒకసారికి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది నేనే నా చేత్తో రాసేవాణ్ణి. ఆ అంకె పెంచమని ఎవరైనా అర్జీ పెడితే రిపోర్టులన్నీ వచ్చేదాకా ఫైలు కదిలేది కాదు. అటువంటి నేను 2018 వేసవిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఒకరోజు పక్కింటి పెద్దాయన గరాజులో బల్ల ముందు కూర్చుని తూటాలు తయారు చేస్తుంటే చూసి నిర్ఘాంతపోయాను. ఆయన తపాలా శాఖలో రిటైరయ్యాడు. నాలాంటి పెన్షనరే.

"లైసెన్సు ఏదీ?" అని అడిగించాను. ఆయన నవ్వాడు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం అమ్మకానికి తయారు చేసేవాడికి లైసెన్సు కావాలిగాని, సొంతానికి చేసుకునేవాడికి అక్కరలేదు. ఈ పనిని రీలోడింగ్ అంటారు. తూటా పేలితే మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. ఖరీదైన భాగం అదే. దాన్ని శుభ్రం చేసి, సాగిన గొట్టాన్ని అచ్చులో నొక్కి సరిచేసి, మళ్ళీ నింపుకుంటారు.

దీని చరిత్ర చిత్రమైనది. 1866 ప్రాంతంలో తూటా అడుగున ఉండే నిప్పుబిళ్ళను ఇద్దరు రెండు రకాలుగా తయారు చేశారు. అమెరికన్ బెర్డాన్ పద్ధతిలో నిప్పు పోవడానికి సాధారణంగా రెండు చిన్న బెజ్జాలు పక్కలకు ఉంటాయి. ఇంగ్లీషువాడు బాక్సర్ పద్ధతిలో నడిమధ్య ఒకటే బెజ్జం. దానిలోకి సూది దించి పొడిస్తే కాలిన బిళ్ళ ఊడివస్తుంది. బెర్డాన్ పద్ధతి యూరప్‌లో స్థిరపడితే, బాక్సర్ పద్ధతి అమెరికాలో పాతుకుపోయింది. అక్కడ ఇంటింటి రీలోడింగుకు ఆ ఒక్క బెజ్జమే పెద్ద దోహదమైంది.

1870లలో అడవిదున్నల వేటగాళ్ళు విడిది దగ్గరే తూటాలు నింపుకునేవారు. 1884లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ కంపెనీ పెట్టి, పటకారులాంటి చేతి పనిముట్టును అమ్మాడు. 1925లో అది లైమన్ కంపెనీ చేతికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిపోయిన మందును కాన్సాస్‌కే చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ కొని విడిగా అమ్మడంతో ఈ వ్యాపకం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది.

ఆ లైమన్ కంపెనీ పుట్టింది 1878లో. ఆ సంవత్సరం చూడగానే నా గుమాస్తా బుర్ర చటుక్కున పనిచేసింది. లిట్టన్ ప్రభువు హయాంలో మన దేశానికి ఆయుధాల చట్టం వచ్చింది ఆ ఏడే! అక్కడ ఒక కంపెనీ తలుపు తెరిచిన ఏడాదే ఇక్కడ మన చేతులకు తాళం పడిందన్నమాట.

పెద్దాయనకు చేతులు వణకడం మొదలైంది. సామాను అమ్మేస్తానన్నాడు. కొనడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. బేరం జరుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. పోత ఇనుముతో చేసిన ప్రెస్సును చూపించి, పిడి కిందికీ పైకీ ఆడించి, లోపలి కడ్డీ వదులు లేదని నిరూపించాడు. అచ్చులకు తుప్పు, గీతలు లేవని దీపం కింద చూపాడు. త్రాసును తూకపురాళ్ళతో సరిచూసి ఇచ్చాడు. కుర్రవాడు అరలో మూత తీసిన మందు డబ్బా చూసి అదీ అడిగాడు. పెద్దాయన ఇవ్వలేదు. "డబ్బామీద రాసినదే లోపల ఉందని నా మాట తప్ప నీకు రుజువేముంది? మందు కొత్తది కొనుక్కో, పుస్తకం కూడా కొత్తది కొనుక్కో" అన్నాడు. తాను నింపిన తూటాలు కూడా ఇవ్వలేదు. కొలత తప్పితే తుపాకీయే పగిలి కళ్ళూ చేతులూ పోతాయి. పాత ఇనుమును నమ్మవచ్చుగాని పాత మందును నమ్మరాదని ఆయన సిద్ధాంతం.

ఈ ముచ్చట ఫోనులో ఇంటికి చెప్పడం నా పొరపాటు. మా బావమరిదికి అడవి అంచున వేరుశనగ చేలున్నాయి, పందుల బెడదకు లైసెన్సు తుపాకీ ఉంది. మర్నాడే ఫోను చేశాడు. "బావా, అటువంటి పాత మిషను ఒకటి పట్టుకురా. తూటాల ధర మండిపోతోంది. ఇనుపముక్కే గదా, ఎవరడుగుతారు?"

ఎవరడుగుతారో నాకు తెలుసు. మన 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఉన్నాయి. అంటే లోపల మందు రవ్వ లేకపోయినా ఆ ఇనుపముక్క చట్టం దృష్టిలో మందుగుండే! ఐదో సెక్షను ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి, తుపాకీ లైసెన్సు దానికి పనికిరాదు. ఇదంతా విడమరచి చెప్పి తేనన్నాను. "నువ్వు రిటైరైనా నీలో గుమాస్తా రిటైరు కాలేదు బావా" అని ఫోను పెట్టేశాడు. ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. మా ఇంటావిడ రాఖీ కూడా పోస్టులోనే పంపింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ ఫైలు మళ్ళీ నా ముందుకు వస్తే అదే నోటు రాస్తాను.

బయలుదేరే ముందురోజు పెద్దాయన జ్ఞాపకంగా ఒక ఖాళీ ఇత్తడి గొట్టం నా అరచేతిలో పెట్టాడు. బంగారంలా మెరుస్తోంది. కాసేపు చూసుకుని, నమస్కారం పెట్టి, ఆయన బల్లమీదే ఉంచి వచ్చాను. విమానాశ్రయంలో ఒక్క ఖాళీ గొట్టం పెట్టెలో దొరికినా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్ళివచ్చే మన సభ్యులు దయచేసి ఈ మాట గుర్తుంచుకోగలరు.

బావమరిది మొన్న సంక్రాంతికి తనంతట తానే వచ్చాడు. మిషను మాట ఎత్తలేదు. సంచీనిండా వేరుశనక్కాయలు మాత్రం తెచ్చాడు.