కోనసముద్రం ఉక్కు, మా అబ్బా చాకు

చురుకైన పిల్లవాణ్ణి చూసి 'చాకులాంటోడు' అని మెచ్చుకుంటారు తెలుగువాళ్లు. అదే చాకు ఒక సాయిబు జేబులో కనబడితే మెచ్చుకోరు. ఈ రెండు చూపుల నడుమ ఏం జరిగిందో చెప్పడానికి మా ఇంట్లో ఒక వస్తువుంది.

అది మడతచాకు. మా అబ్బా 1960లలో ఊరు విడిచి గోదావరిఖనికి బాయి పనికి వచ్చి, తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన మనిషి. జీతంలోంచి కొంత మిగిల్చి ఆ చాకును ప్రత్యేకంగా చేయించుకున్నాడు. అరిగిపోయిన ఆకురాయిని సాగగొట్టి అలుగు తీసింది ఒక కమ్మరి. నగిషీ చెక్కింది ఒక అవుసుల పిల్లవాడు. ఇత్తడి పిడికి ఒకవైపు తీగ. అది కీలు దగ్గర మొదలై మూడు మెలికలు తిరిగి చివర ఒక మొగ్గ దగ్గర ఆగుతుంది. చాకు మూసినప్పుడు పిడి అంచు మీదుగా అలుగు కొంచెం బయటికి కనబడుతుంది కదా, అక్కడ సన్నటి ఆకులు చెక్కి ఉంటాయి. మూస్తే ఆ ఆకులు వచ్చి తీగకు అతుక్కుంటాయి. తెరిస్తే తీగ మోడైపోతుంది. ఆకులు రావడం, పోవడం చూడ్డానికి నేనూ చెల్లే ఎన్నిసార్లు తెరిచి మూశామో, ఎన్ని దెబ్బలు తిన్నామో.

రెండోవైపు అబ్బా పేరు ఉర్దూలో. దాని కింద బిళ్ల నంబరు. చెక్కినవాడికి ఉర్దూ రాదు. అబ్బా సుద్దతో రాసిస్తే గీత వెంట గీత చూసుకుంటూ ఉలి నడిపాడు. మొదటి అక్షరం 'ఖే' మీది నుక్తాను సుద్ద రాలిన మరక అనుకొని వదిలేశాడు. 'ఖే' కాస్తా 'హే' అయింది. అయినా గీత ఎంత నిండుగా ఉందంటే, ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా తప్పు పట్టించుకోకుండానే పేరు చదివేవాళ్లు.

'చాకు' ఫారసీ నుంచి వచ్చిన మాట. 'నగిషీ' కూడా అక్కడిదే, నఖ్ష్ నుంచి వచ్చింది. 'పిడి', 'ఉక్కు' తెలుగు మాటలు. జానెడు లేని వస్తువును వర్ణించాలంటే ఇన్ని ఇళ్ల మాటలు అరువు తెచ్చుకోవాలి.

ఈ కలయిక మా కాలరీలో మొదలైంది కాదు. గోదావరి వెంట ఎగువకు పోతే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఇంగ్లీషు సర్వే దళంలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన హెన్రీ వాయిసీ ఆ ఊరి కొలిమిని చూసి రాసిన వివరం, ఆయన 1824లో చనిపోయాక, 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత మెత్తి, తిత్తులు ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవాళ్లు. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద. దాన్ని మెత్తబడేదాకా మళ్లీ మళ్లీ కాల్చాలి. వాయిసీ వెళ్లిన రోజుల్లోనే ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ అక్కడ మకాం వేసి, ఉక్కు కొంటున్నాడు. ఎక్కడి ఇరాన్, ఎక్కడి కోనసముద్రం! అంతకు సుమారు నూటయాభై ఏళ్ల ముందే ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, నీటి అలల్లాంటి చారలు గోల్కొండ నుంచి వచ్చే ఉక్కు మీదే తేలతాయని రాసిపెట్టాడు.

ఆ చారలను ఉర్దూలో జౌహర్ అంటారు. సానపట్టి, పులుపు నీళ్లతో కడిగితేగాని అవి పైకి రావు. సాన పట్టేవాడు సైకల్‌గర్. అంటే కమ్మరి ఉక్కు లోపల దాచిన బొమ్మను సైకల్‌గర్ బయటికి తీసేవాడు. ఉక్కులో అణుమాత్రంగా కలిసిన వనాడియం వంటి లోహాల వల్ల ఆ చారలు ఏర్పడతాయని అమెరికాలో వెర్హోవెన్, పెండ్రే బృందం 1998లో తేల్చింది. లోకానికి మాత్రం అది డమాస్కస్ ఉక్కు. అమ్మిన బజారు పేరు నిలిచింది, కాల్చిన ఊరి పేరు పోయింది.

ఇక్కడ మావాళ్లను కూడా ఒక మాట అనాలి. డమాస్కస్ కత్తి అనగానే మీసం మెలేసే సాయిబులను చూశాను. ఆ కత్తులు నవాబుల నడుముకు వేలాడినవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్‌వీ నూర్జహాన్‌వీ అని చెప్పే రత్నాల కత్తులకు మేం వారసులం ఎట్లా అవుతాం? తట్ట మోసిన మా అబ్బాకు ఏదైనా చుట్టరికం ఉంటే అది తిత్తి ఊదినవాడితో, సానపట్టినవాడితో.

మా క్వార్టర్ల లైన్లో ఆ చాకుకు మంచి గిరాకీ ఉండేది. దసరాకో దావతుకో కోడిని కొయ్యాలంటే "సాయెబన్నా, జర హలాల్ చేసి పో" అని పిలిచేవాళ్లు. అబ్బా చేతులు కడుక్కొని, చాకు తెరిచి, బిస్మిల్లా అనేవాడు. ఎవరికీ భయం లేదు. ఆ ఇళ్ల పిల్లలు కూడా తీగకు ఆకులు రావడం చూసినవాళ్లే.

1992 డిసెంబరు తర్వాత ఒక రాత్రి, షిఫ్టు దిగి వస్తుంటే ఆపి జేబులు వెతికారు. ఆయుధాల నిబంధనలు తొమ్మిది అంగుళాలు దాటిన అలుగు గురించి మాట్లాడతాయి. ఇది నాలుగు వేళ్ల అలుగు. కొలవలేదు. టార్చి వేసి పిడి చూశారు. తీగ కనబడలేదు, కాలరీ నంబరు కనబడలేదు, ఉర్దూ అక్షరాలు కనబడ్డాయి.

"ఇదేం రాసిండ్రు?"

"నా పేరు సార్."

"పేరేనా, ఇంకేమన్ననా?"

అప్పటికే సినిమాల్లో విలన్ చేతిలో రాంపురి చాకు టప్పుమని తెరుచుకోవడం అందరూ చూసి ఉన్నారు. రాంపూర్‌లో అది కూడా పనివాళ్ల కూడే. అదే రాంపూర్‌లో 2023లో ఇరవై అడుగుల చాకును చౌరస్తాలో నిలబెట్టారు, ఊరికి పేరు తెచ్చిన కళ అని. మంచిదే. అబ్బా ఉంటే చూపించేవాణ్ణి.

రెండు రోజులకు యూనియన్ వాళ్లు పోయి అడిగితే చాకు తిరిగొచ్చింది. అబ్బా దాన్ని మళ్లీ జేబులో పెట్టుకోలేదు. కోడిని కొయ్యమని ఎవరన్నా పిలిస్తే పోయేవాడు, కానీ "కత్తి మీదే తెండి" అనేవాడు. ఎందుకని వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడది నా దగ్గరుంది. కీలు వదులైతే పోయిన ఏడు ఖనిలోనే ఒక కమ్మరికి ఇచ్చి బిగింపించాను. పిడి మెరుగు పెట్టనా అని అడిగాడు. వద్దన్నాను. మెరుగు పెడితే అక్షరాలు ఇంకా అరిగిపోతాయి. ఆయన దాన్ని తిప్పి చూసి, మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. "ఆకులు కలుస్తున్నయే!" అన్నాడు. "ఎవరు చెక్కిండ్రు దీన్ని?"