మంచి మందే, బయటికి పోయే దారి ఉండాలి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన ఇళ్ళలో ‘డయాలసిస్’ ఇప్పుడు కొత్త మాట కాదు. అందుకే ఈ చరిత్ర చెబుతున్నాను.

1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. క్షయను నయం చేసిన తొలి యాంటీబయాటిక్ అదే. కానీ కొందరికి తల తిరిగింది, చెవుడు వచ్చింది. ఈ మందు మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. అవి చెడితే రక్తంలో నిలిచిపోయి లోపలి చెవిని దెబ్బతీస్తుంది. ఆ వినికిడి చాలామందికి తిరిగి రాదు.

ఆ పాఠం మళ్ళీ ఎదురైంది. 1996లో అమెరికాలో సెఫిపిమ్‌కు అనుమతి వచ్చింది. 2012 జూన్‌లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరించింది: కాళ్ళూ చేతులూ కొట్టుకోకుండా, మెదడులో మాత్రమే సాగే మూర్ఛ 59 మందిలో కనిపించింది. వాళ్ళలో 58 మందికి మూత్రపిండాల జబ్బు ఉంది. ఎక్కువమందికి మోతాదు తగ్గించలేదు.

ఇంట్లో పెద్దాయన మాట తడబడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే మనం ‘వయసైంది’ అంటాం, ‘గాలి సోకింది’ అంటాం. అది మందు వల్ల కావచ్చు. వెంటనే డాక్టరుకు చెబితే, మందు మార్చాక చాలామంది తేరుకుంటారు.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా క్రియాటినిన్ రిపోర్టు ముందు చూపించండి. పాత చీటీతో మందుల అంగడిలో యాంటీబయాటిక్ కొనకండి.