పోలెండువారి ఎర్రచారు

పోలెండు దేశమున బర్ష్చ్ అను చారు కలదు. కెంపురంగుతో, అడుగు కనబడునంత తేటగా నుండు ఈ చారును బీటుదుంపలతో కాచుదురు. కావున బర్ష్చ్ అనగా బీటుదుంప కాబోలునని ఎవరైనను తలంతురు. అది నిజము కాదు. బర్ష్చ్ ఒక అడవిమొక్క పేరు. మన కొత్తిమీర, వాము, సోపుల కుటుంబమునకు చెందిన ఆ మొక్క తేమగల పచ్చికబయళ్లలో మొలచును. దుంప తరువాత వచ్చి దాని పేరును పుచ్చుకొన్నది. ఈ మార్పు తెలిసినచో చారు కాచు కిటుకును తెలియును.

పూర్వము గ్రామీణులు ఆ మొక్క లేత ఆకులను, కాడలను కోసి, నీరు పోసి, కుండలో వెచ్చనిచోట నుంచెడివారు. కొన్ని దినములకు నీరు పులిసెడిది. ఆ పులిసిన నీటితోనే చారు. 1613లో క్రాకోవ్ నగరమున అచ్చయిన షిమోన్ సిరెనియుష్ మూలికాగ్రంథము ఈ మొక్కను, దాని చారును వర్ణించినది. కొనవలసిన వస్తువేదియు లేదు గనుక అది పేదవారి వంటకమయినది. "బర్ష్చ్ అంత చవక" అను నానుడి పోలిష్ భాషలో నేటికిని వినబడును.

కాలక్రమమున మొక్క పోయినది, పులుపు నిలిచినది. రొట్టెకు వాడు రై పిండిని నీట కలిపి పులియబెట్టినను అదే పని జరుగును. ఆ చారును తెల్ల బర్ష్చ్ అందురు. ఈస్టరు పండుగనాడు నేటికిని దానిని వడ్డింతురు. అందు బీటుదుంప లేనే లేదు. పేరు పులుపుదే గాని రంగుది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

బీటుదుంపను ఊరవేయుట మాత్రము పోలెండులో పాత అలవాటే. 16వ శతాబ్దపు రచయిత మికొవాయ్ రేయ్ దానినిగూర్చి వ్రాసినాడు. దుంపతో చారు కాచుట మొదట నేటి ఉక్రేను ప్రాంతమున వ్యాపించినదని పలువురి అభిప్రాయము. ఉక్రేనువారి బోర్ష్ క్యాబేజీతోను ఇతర కూరలతోను చిక్కగా నుండును. పోలెండువారి పండుగచారు వడకట్టిన తేటనీరు. రెండిటిని ఒకటిగా చెప్పుట ఇరువురికిని అన్యాయమే. 2022లో యుద్ధము నడుచుచుండగా ఉక్రేను బోర్ష్ వంటను యునెస్కో, తక్షణము కాపాడవలసిన వారసత్వముల పట్టికలో చేర్చినది. ఒక చారుకై అంత పట్టుదల యేలనని నవ్వువారు, ఇల్లు విడిచిపోయినవారికి ఊరి వంటయే ఊరని మరచుచున్నారు.

ఇక కాచు విధానము. దీనికి మూలము జాక్వాస్ అను పులుసునీరు. తరవాణి కుండను ఎరిగిన తెలుగు ఇల్లాలికి ఇది వింత కాదు. కిలో దుంపలను చెక్కుతీసి ముక్కలుగా కోసి, పింగాణి జాడీలో వేసి, వెల్లుల్లి రేకలు, బిర్యానీ ఆకు చేర్చి, కాచి చల్లార్చిన నీటిని లీటరుకు పెద్దచెంచాడు ఉప్పుతో కలిపి పోయవలెను. ముక్కలు నీట మునిగియుండవలెను, పైకి తేలినచో బూజు పట్టును. గుడ్డ కట్టి ఉంచినచో అయిదారు దినములకు నీరు ముదురు ఎరుపై కమ్మగా పులియును. మన వేసవిలో అంతకు ముందే పులియవచ్చును గనుక రుచి చూచుచుండవలెను. బూజు పట్టినను, దుర్వాసన వచ్చినను పారవేయవలసినదే.

క్యారెట్టు మొదలగు దుంపకూరలను, ఎండు పుట్టగొడుగులను, కొన్ని పచ్చి బీటుముక్కలను వేరుగా ఉడికించి ఆ నీటిని వడకట్టుదురు. జాక్వాసును చివర పోసి, వేడిచేసి, మరగకముందే దింపుదురు. మరగినచో చారు గోధుమరంగుకు తిరుగును. దుంప ఎరుపు పులుపున నిలుచును గాని మరుగుటకు ఓర్వదు. సీసా వెనిగరు పోసి ఒక గంటలో ముగించువారును, అంగడిలో దొరకు గాఢరసమును నీట కలుపువారును నేడు పోలెండులోనే కలరు. రంగు వచ్చును. అయిదు దినముల పులుపు మాత్రము రాదు.

పాత మొక్క మాటేమి? 20వ శతాబ్దము నడుమ సోవియట్ దేశమునుండి దాని బంధువొకటి పశుగ్రాసముగా పోలెండుకు వచ్చినది. సొస్నొవ్‌స్కీ బర్ష్చ్ అను ఆ మహాకాయపు మొక్క రసము చర్మమున పడి ఎండ తగిలినచో బొబ్బలెక్కును. అది పొలములనుండి తప్పించుకొని నేడు ఏటిగట్ల నాక్రమించినది. అందుచే పూర్వము వండుకొన్న పేరే నేడు హెచ్చరిక పలకలమీద కనబడుచున్నది.

క్రిస్మసు ముందటి రాత్రి మాంసము ముట్టరు. ఆకాశమున తొలిచుక్క పొడిచిన పిమ్మట బల్లచుట్టు కూర్చుందురు. పుట్టగొడుగుల ముద్ద పెట్టి మడిచిన చిన్న పిండిబిళ్లలు పళ్లెమునకు కొన్ని వేసి, పైని ఎర్రచారు పోయుదురు. వానిని ఊష్కా, అనగా చిన్నచెవులు, అందురు. ఆ రాత్రికి కావలసిన జాడీని వారము ముందే వంటింట పెట్టుదురు.