పాత కారు ఆయువు ఎవరి చేతిలో ఉంది?

డెబ్బై దాటిన తల్లిదండ్రులు పదిహేనేళ్ల నాటి కారే నడుపుతుంటే, దూరాన ఉన్న పిల్లలకు అదొక బెంగ. అమ్మేసి కొత్తది తీసుకుందామని వీళ్లు, బంగారంలాంటి బండికి ఏమొచ్చిందని వాళ్లు. ఈ వాదులాటంతా కారు వయసు చుట్టూనే తిరుగుతుంది. మన దేశంలో కార్ల మరమ్మతు చరిత్ర తిరగేస్తే, అసలు చూడాల్సింది వేరే ఉందని తెలుస్తుంది. ఇక్కడ కార్లు ముప్పై నలభై ఏళ్లు తిరిగాయంటే ఆ ఘనతలో కంపెనీల వాటా కొంతే. ఎక్కువ వాటా షెడ్డు మెకానిక్కులది, లేత్ పనివాళ్లది, స్పేర్‌పార్ట్స్ దుకాణాలది. వాళ్లు అందుబాటులో ఉన్నంతకాలం పాత కారూ నడుస్తుంది. లేకపోతే ఐదేళ్ల కారైనా మూలపడుతుంది.

ఈ వృత్తికి పునాది పడింది 1950లలో. విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్లు కాదు, ఇక్కడే తయారుచేసేవాళ్లే ఉండాలని 1953లో టారిఫ్ కమిషన్ చెప్పడంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తప్పుకున్నాయి. కార్ల మార్కెట్ ప్రధానంగా హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్ చేతుల్లో మిగిలింది. 1957లో వచ్చిన అంబాసిడర్ రూపురేఖలు పెద్దగా మారకుండానే 2014 దాకా తయారైంది. ఫియట్ 1100గా మొదలైన కారు పద్మినిగా పేరు మార్చుకుని దాదాపు ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నిలిచింది. మోడల్ మారకపోవడం కొనేవాడికి విసుగే కావచ్చు, మెకానిక్కుకు మాత్రం వరం. ఒక బండి విప్పి నేర్చుకున్న కుర్రాడికి ఊళ్లోని బళ్లన్నీ తెలిసినట్టే. పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి సందు సరిచూడటం, టప్పెట్ల చప్పుడు విని తేడా పట్టడం, కింగ్‌పిన్నులకు గ్రీజు కొట్టడం చేతిపనిగా, చెవిపనిగా గురువు నుంచి శిష్యుడికి అందాయి. లారీల పనితో పెరిగిన విజయవాడ ఆటోనగర్‌లో, స్పేర్‌పార్ట్స్‌కు పేరుపడ్డ సికిందరాబాద్ రాణీగంజ్‌లో కనిపించేది ఆ నేర్పు చుట్టూ అల్లుకున్న బజారే.

అది కరవు కాలపు సర్దుబాటే తప్ప గొప్పతనమేముంది అని అడగవచ్చు. నిజమే. కొత్త కారుకు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజుల్లో ఉన్నదాన్ని బాగుచేయించుకోవడం తప్ప గత్యంతరం లేదు. కానీ అవసరం పుట్టించిన నేర్పు ఆ అవసరంతోనే పోలేదు. 1983లో మారుతి 800 వచ్చింది. అది పూర్తిగా వేరే తరహా జపాన్ బండి. అయినా విడిభాగాలు, పని తెలుసుకునే వీలు దొరికాయి కనుక వీధి షెడ్లు దాన్నీ నేర్చేసుకున్నాయి. అసలు చిక్కు 2000 తర్వాత వచ్చింది. కాలుష్య ప్రమాణాలు బిగిసే కొద్దీ కార్బురేటర్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కుదురుకుంది, లోపం చెప్పే పని స్కానర్‌కు పోయింది. బయటి మెకానిక్కులకు విడిభాగాలు, ఆ పరికరాలు అందనివ్వడం లేదంటూ 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టులకెక్కడం వేరే కథ. చెయ్యగల చేతులు ఉన్నా సమాచారం అందక కారు ముందే ముసలిదవుతుందన్న సంగతి మాత్రం ఆ ఉత్తర్వుతో రికార్డుకెక్కింది.

పాత బండి పొగ ఎక్కువ కక్కుతుంది, ప్రమాదంలో కాపాడదు అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019లో. అంతకుముందు కొన్న చాలా కార్లలో అది లేదు, ఏ మెకానిక్కూ దాన్ని తెచ్చిపెట్టలేడు. పెద్దలు హైవే ఎక్కుతుంటే ఈ ఒక్క కారణం చాలు, కారు మార్చడానికి. ఊళ్లో గుడికీ మార్కెట్‌కీ తిరిగే కారుకు మాత్రం వయసు కన్నా స్థితి ముఖ్యం. 2021 స్క్రాపేజీ విధానం కూడా ఇరవై ఏళ్లు దాటిన సొంత కార్లకు ఫిట్‌నెస్ పరీక్షనే గీటురాయి చేసింది. పైగా పెద్దల కారు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. పాత షెడ్డు లెక్కలన్నీ కిలోమీటర్ల మీద నడిచాయి. కదలని బండికి ఆ లెక్క పనికిరాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, టైరు రబ్బరు అరగకుండానే గట్టిపడి పగుళ్లిస్తుంది, బ్యాటరీ దిగిపోతుంది. మీటరు చూసి సర్వీసు చేయించే అలవాటు మానాల్సింది ఇక్కడే.

మన చట్టం బండినీ మనిషినీ ఒకే గడువుతో కొలుస్తుంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారు ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 55 దాటిన వారి లైసెన్సు కూడా ఐదేళ్లకే. లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, కారుకు తనిఖీ కావాలి. రెంటినీ ఏజెంటు చేతికిచ్చి కాగితం తెప్పించుకోవడం మన దగ్గర రివాజు. అలా చేయకండి. రెన్యువల్‌కు వెళ్లే వారం అమ్మానాన్నల చూపు, వినికిడి నిజంగా పరీక్ష చేయించండి. కారును నమ్మకమైన మెకానిక్కు చేత లిఫ్టు మీద పెట్టించి బ్రేకులు, స్టీరింగ్, టైర్ల తయారీ తేదీ చూపించండి. రెండూ నెగ్గితే కారు నడవనివ్వండి. ఏ ఒక్కటి తప్పినా, అది కారైనా చూపైనా, తాళాలు తీసుకోవడానికి మొహమాటపడకండి.