ఇంగ్లీషులో నౌన్‌ను గుర్తుపట్టడం ఎలా? అందులో ఎన్ని రకాలు?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలుగులోనో ఉర్దూలోనో చదువుకున్న అమ్మానాన్నలను ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు గ్రామర్ డౌట్లు అడుగుతున్నారు. గ్రామర్‌లో మొదటి పాఠమే నౌన్. తెలుగులో నామవాచకం, ఉర్దూలో ఇస్మ్. మనిషి, చోటు, వస్తువు పేరును నౌన్ అంటారని పిల్లలు గడగడా ఒప్పజెప్తారు. ఒక వాక్యం ఇచ్చి ఇందులో నౌన్ ఏదో చూపించమంటే మాత్రం ఆగిపోతారు.

ఎందుకంటే ఇంగ్లీషులో మాటను విడిగా చూసి నౌన్ అని చెప్పడం కుదరదు. వాక్యంలో అది ఏ పని చేస్తోందో చూడాలి. 'ఫాస్ట్' అనే మాట తీసుకోండి. 'వి ఫాస్ట్ ఇన్ రంజాన్' అంటే ఉపవాసం ఉంటాం అని, అక్కడది క్రియ. 'హి బ్రోక్ హిజ్ ఫాస్ట్ విత్ డేట్స్' అంటే ఖర్జూరాలతో ఉపవాసం విరమించాడు, ఇక్కడ నౌన్. 'ఎ ఫాస్ట్ ట్రైన్'లో విశేషణం. మాట ఒక్కటే, పనులు మూడు.

గుర్తుపట్టడానికి సులువైన దారి ఉంది. ఎ, ఆన్, ద, మై, హిజ్ లాంటి మాటలు కనిపిస్తే వాటి వెనకాల నౌన్ వస్తుంది. మధ్యలో విశేషణం దూరొచ్చు. 'ద ఓల్డ్ సిటీ'లో ద పక్కన ఓల్డ్ ఉన్నా నౌన్ సిటీయే. చివర నెస్, మెంట్, షిప్, హుడ్ ఉన్న మాటలు కూడా చాలావరకు నౌన్లే: కైండ్‌నెస్, పేమెంట్, ఫ్రెండ్‌షిప్, చైల్డ్‌హుడ్.

ఇక రకాలు. బడి పుస్తకాల్లో మామూలుగా ఐదు చెప్తారు. చార్మినార్, విజయవాడ, ఫ్రైడే, ఉర్దూ లాంటి ఒక్కదానికే చెందిన పేర్లు ప్రాపర్ నౌన్లు. సిటీ, టీచర్, బుక్ లాంటివి కామన్ నౌన్లు. ఉర్దూ వ్యాకరణం చదివినవారికి ఇవి దాదాపు ఇస్మె మారిఫా, ఇస్మె నకిరా. ప్రాపర్ నౌన్ మొదటి అక్షరం పెద్దక్షరం కావాలి. తెలుగు లిపిలోనూ ఉర్దూ లిపిలోనూ పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి మన పిల్లలు దీన్ని తరచూ మర్చిపోతారు. రోజులు, నెలలు, భాషల పేర్లు కూడా పెద్దక్షరంతోనే మొదలవ్వాలి. టీమ్, ఫ్యామిలీ లాంటి గుంపు పేర్లు కలెక్టివ్. గోల్డ్, కాటన్ లాంటి పదార్థాలు మెటీరియల్. హానెస్టీ, పేషెన్స్ లాంటి చేతికి దొరకనివి యాబ్‌స్ట్రాక్ట్.

ఈ ఐదూ బట్టీ పట్టినా తప్పులు పోవు. అసలు తప్పులు దొర్లేది ఇంకో విభజన దగ్గర: లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి. కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అంటారు. అన్‌కౌంటబుల్ మాటకు ముందు ఎ రాదు, చివర ఎస్ చేరదు, క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. ఉద్యోగం దరఖాస్తులో 'ఇన్ఫర్మేషన్స్' అనో 'ఫర్నిచర్స్' అనో రాస్తే చదివేవాళ్ళకు మొదట కనిపించేది ఆ ఎస్సే.

రెండు భాషలు వినిపించే ఇంట్లో పిల్లలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఒక భాష తప్పుదారి పట్టిస్తే కొన్నిసార్లు రెండోది సరిచేస్తుంది. తెలుగులో 'పాలు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి' అని బహువచనంలో అంటాం. ఉర్దూలో 'దూధ్ హై, పానీ హై'. ఇంగ్లీషు ఇక్కడ ఉర్దూ పక్కనే నిలబడుతుంది: 'మిల్క్ ఈజ్'. లగేజ్ కూడా అంతే. తెలుగులో సామాన్లు అంటాం కానీ, ఉర్దూలో సామాన్ ఏకవచనం, లగేజ్ కూడా ఏకవచనం. జుట్టు దగ్గర కథ తిరగబడుతుంది. ఉర్దూలో 'మేరే బాల్ లంబే హైఁ' అని బహువచనం, దక్కనీలో అయితే ఏకంగా బాలాఁ. దాన్ని నమ్ముకుంటే 'మై హెయిర్స్ ఆర్ లాంగ్' అని వచ్చేస్తుంది. 'నా జుట్టు పొడుగ్గా ఉంది' అనే తెలుగు వాక్యాన్ని పట్టుకుంటే 'మై హెయిర్ ఈజ్ లాంగ్' అని సరిగ్గా వస్తుంది. ఇన్ఫర్మేషన్‌కు కూడా తెలుగే సాయం. సమాచారం ఏకవచనం, ఉర్దూ మాలూమాత్ బహువచనం.

రెండూ కలిసి ముంచేవి కూడా ఉన్నాయి, వీటినే గుర్తుపెట్టుకోవాలి. సలహాలు అన్నా మష్వరే అన్నా లెక్కపెట్టేవే, కానీ అడ్వైస్ అన్‌కౌంటబుల్. ఒక సలహా అనాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. వార్తలు, ఖబరేఁ కూడా అలాంటివే. న్యూస్ చివర ఎస్ ఉన్నా 'ద న్యూస్ ఈజ్ గుడ్' అనే రాయాలి. కత్తెర, ఖైంచీ రెండు భాషల్లోనూ ఒకటే వస్తువు, ఇంగ్లీషులో మాత్రం 'ద సిజర్స్ ఆర్ షార్ప్'. పోలీస్ మరో చిక్కు: చివర ఎస్ చేర్చకుండానే 'ద పోలీస్ ఆర్ కమింగ్' అనాలి.

కొన్ని మాటలు రెండు వైపులా ఉంటాయి. 'ఐ ఏట్ చికెన్' అంటే కోడికూర తిన్నాను. 'ఐ ఏట్ ఎ చికెన్' అంటే ఒక కోడిని మొత్తం తిన్నాను. దావత్ కబుర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ చిన్న ఎ దగ్గర జాగ్రత్త!

ఏ మాట ఎటువైపో తేలకపోతే ముందు మెనీ పెట్టి చూడండి, తర్వాత మచ్ పెట్టి చూడండి. మెనీ బుక్స్ కుదురుతుంది, మచ్ హోమ్‌వర్క్ కుదురుతుంది. అప్పటికీ అనుమానం ఉంటే విద్యార్థుల కోసం వేసిన ఇంగ్లీషు డిక్షనరీ తెరవండి. అలాంటి వాటిలో చాలావరకు నౌన్ పక్కన సి అని ఉంటే కౌంటబుల్, యు అని ఉంటే అన్‌కౌంటబుల్. చికెన్ పక్కన రెండూ కనిపిస్తాయి.