సినగాగ్ స్ట్రీట్‌లో సినగాగ్ ఎందుకు లేదు?

సింగపూర్‌లో సినగాగ్ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. ఇప్పుడు ఆ వీధిలో మందిరం లేదు. ఇక్కడి యూదుల గురించి లైబ్రరీలో చదవడం మొదలుపెట్టినప్పుడు నేను ఈ ప్రశ్ననే ముందు పెట్టుకున్నాను. "యూదుల చరిత్ర" అంటే సముద్రం. ఒక వీధి అయితే చేతికి అందుతుంది.

జవాబు పుస్తకాల్లో త్వరగానే దొరికింది. బాగ్దాద్ యూదు వర్తకులు బొంబాయి, కలకత్తాల మీదుగా ఇక్కడికి వచ్చారు. 1840లలో ఈ వీధిలోని ఒక షాప్‌హౌస్‌లో ప్రార్థనలు చేసుకునేవారు. జనం పెరిగాక, 1878లో వాటర్లూ స్ట్రీట్‌లో మఘేన్ అబోత్ మందిరం తెరిచారు. 1905లో మనాసే మేయర్ ఆక్స్‌లీ రైజ్‌లో చెసెడ్-ఎల్ మందిరం కట్టించారు. పాత వీధికి పేరు మాత్రం మిగిలింది.

మఘేన్ అబోత్ నుంచి విక్టోరియా స్ట్రీట్‌లోని నేషనల్ లైబ్రరీకి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆ లైబ్రరీ పాత పత్రికలను ఆన్‌లైన్‌లో పెట్టింది. అక్కడ "యూదులు" అని వెతక్కండి, ప్రపంచ వార్తలన్నీ వచ్చి పడతాయి. మనుషుల పేర్లతో, వీధుల పేర్లతో వెతకండి. మేయర్ పేరు, 1955లో సింగపూర్ తొలి ముఖ్యమంత్రి అయిన డేవిడ్ మార్షల్ పేరు ఇలా సులువుగా దొరుకుతాయి.

కానీ పత్రికల్లో ఎక్కువగా కనిపించేది డబ్బు, పదవి ఉన్నవాళ్ళే. వాటర్లూ స్ట్రీట్, మిడిల్ రోడ్ చుట్టుపక్కల ఉన్న తమ పేటని యూదులు "మహల్లా" అనేవారు. మన హైదరాబాద్ మొహల్లా కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే. అక్కడి పేద కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకున్న అరబ్బీ ఇంగ్లీషు పత్రికలో ఎలా దొరుకుతుంది? జపాన్ పాలనలో, 1943లో, చాలామంది యూదులని శిబిరాల్లో నిర్బంధించారు. యుద్ధం తర్వాత చాలా కుటుంబాలు దేశం వదిలి వెళ్ళిపోయాయి. చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

ఇది నాకు దూరపు విషయంలా అనిపించలేదు. సింగపూర్ బడుల్లో తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ కూడా నేర్చుకోవచ్చు. తెలుగు లేదు. మా ఇంటి తెలుగు కూడా ఏ పత్రికలోనూ ఉండదు.

అందుకే నా తర్వాతి పని ఇంకో పుస్తకం కాదు. నేషనల్ ఆర్కైవ్స్‌లో 1979 నుంచి సామాన్యుల జ్ఞాపకాలు కూడా రికార్డు చేస్తున్నారు. వాటిలో మహల్లా గురించి చెప్పినవాళ్ళ గొంతులు వినాలి. ఈలోగా మా అమ్మమ్మ మాటలు కూడా ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను.