కొయ్య నాఱబెట్టు విద్య

తెలుగున ఎండబెట్టుట, ఆఱబెట్టుట అని రెండు మాటలు గలవు. మొదటిదానికి ఎండ వలయును. రెండవదానికి గాలి చాలును. ఈ భేదమును పాటింపనివాని చేత పచ్చిదుంగ పగులక మానదు. వేసవి వడగాలులకు నెలవైన డోన్ ప్రాంతమున నిది మఱింత నిజము.

కొయ్యను గూర్చిన శ్రద్ధ మనదేశమున ప్రాచీనము. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు, ప్రతిమకై చెట్టును నఱకుటకు ముందే దాని దిక్కులను, మీదుక్రిందులను గుర్తింపవలెనని విధించెను. చెట్టు నిలిచినట్లే ప్రతిమయు నిలువవలయునని యాతని తాత్పర్యము. బర్మాలో టేకుచెట్టు మొదట చుట్టును గంటువెట్టి, రెండు మూడేండ్లు నిలువుననే యాఱనిచ్చుచుండిరి. పచ్చిటేకు నీట మునుగును, ఆఱినది తేలును. అచట నేఱే బండి. నీటిత్రోవ లేని డోనునకు ఆ పద్ధతి పొసగదు.

1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టముతో, ప్రభుత్వము ప్రత్యేకించిన యడవులలో అనుమతి లేక చెట్టు కొట్టుట నేరమయ్యెను. పొలముగట్టుననున్న వేప, తుమ్మ, చింతల విలువ రైతునకు దీనివలన హెచ్చెననుట సహజము. నలువదేండ్లు పెరిగిన వేప యొక్క వేసవిలో నెఱ్ఱెలు వాఱినచో ఆ నష్టము తీఱునది కాదు.

పగులుటకు కారణమేమి? కొయ్యలోని నీరు కొంత కణముల బోలులలోను, కొంత వాని గోడలలోను నుండును. బోలులలోని నీరు పోవునంతవఱకు కొయ్య కుంచింపదు. ఎండుకొయ్య తూకములో తేమ నూటికి సుమారు 30 వంతులకు దిగిన పిదప గోడలు కుంచించును. ఈ కుంచింపు చుట్టుకొలత వెంబడి యధికము. నడిమినుండి బెరడువైపునకు సుమారు అందులో సగము. ఈ వైషమ్యమే దుంగను చీల్చును. పైగా కొనలనుండి నీరు ప్రక్కలకంటె మిక్కిలి వేగముగ వెడలును.

కావున చెట్టు కూలిన దినముననే కొనలకు మైనమో చిక్కని రంగో పూయవలెను. దుంగను నడిమి బెండు మీదుగా చీల్చి, పలకలు కోసి, నేలకెత్తుగ నీడలో పేర్చవలెను. పలకల నడుమ సమానమైన పుల్లలను, ఒకదాని నిలువున నొకటిగా నుంచి, పైని బరువు పెట్టవలెను. వడగాలి నెలలలో గోనెపట్టాలు కట్టి గాలిని తగ్గింపవలెను. అంగుళము దళమునకు ఏడాది యనునది స్థూలమైన లెక్క. పలకను తూచుచు, బరువు తగ్గుట మానిననాడు అది యాఱినదని యెఱుగునది.

1906లో డెహ్రాడూనున వెలసిన అరణ్యపరిశోధనాలయము ఈ విద్యను శాస్త్రముగ పరిశీలించినది. అయినను దాని మూలసూత్రము మన రెండు మాటలలోనే యున్నది. చెట్టు నడిమి గట్టికొయ్యను చేవ యందుము. మనుజుని సత్త్వమునకును అదే పేరు. చేవ చెట్టు ఇచ్చునది. దానిని చెడకుండ నిలుపునది నీడయు, ఓర్పును.